ఆ వారమంతా గురువారమే

నా చిన్నప్పుడు, నేను 'గురువారం అన్న' అని పిలిచే అబ్బాయి జ్వరంతో పడి ఉన్నాడన్న మాట మా ఇంటికి మొదట తెచ్చింది పక్కింటి అక్క. ధనుర్మాసం, ముసురు పట్టిన ఆదివారం పొద్దు. తల మీద గోనెసంచి ముసుగు వేసుకుని, చీర కుచ్చెళ్ళు చేత్తో ఎత్తి పట్టుకుని, వీధి అరుగు దగ్గరే నిలబడి నన్ను కేకేసింది.

"పాపా, మీ అవ్వ యాడుండాది? మీ గురువారం పిల్లోడు సత్రంలో లేవలేకుండా పడుండాడంట. పాలకు పోయినప్పుడు అందరూ అనుకుంటా ఉండారు. పో, బిరీన పోయి సెప్పు."

నేను వంటింటి గడప దగ్గరికి పరుగెత్తాను. మా అవ్వ మడితో పొయ్యి దగ్గర ఉంటే గడప దాటి లోపలికి పోకూడదు. గడప ఇవతల నుంచే చెప్పాను. ఆవిడ గరిటె కింద పెట్టి ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళముందు ఉంది.

గురువారం అన్న అంటే ఎవరో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. ఆ రోజుల్లో తిరుపతిలో సంస్కృతం చదువుకోవడానికి పల్లెల నుంచి వచ్చే పేద విద్యార్థులు వారాలు చేసుకుని బతికేవారు. ఒక్కో ఇంటివాళ్ళు వారంలో ఒక్కో రోజు అన్నం పెడతామని ఒప్పుకుంటే ఆ రోజుకు ఆ ఇల్లు. మర్నాటికి ఇంకో ఇల్లు. అలా ఏడిళ్ళు కుదిరితే ఆ పిల్లవాడికి చదువు కుదిరినట్టే. ఒక ఇల్లు తప్పిపోతే ఆ రోజుకు పస్తు. మా ఇంటికి వచ్చే అబ్బాయి కార్వేటినగరం పక్కన ఒక పల్లెటూరివాడు. తండ్రి చిన్న గుళ్ళో పూజారి. అబ్బాయికి పద్దెనిమిదేళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా, చెవులు కాస్త బయటికి వచ్చి ఉండేవి. మా ఇంటి వారం గురువారం కాబట్టి మాకందరికీ ఆయన గురువారం అబ్బాయి. నాకు గురువారం అన్న. మంగళవారం ఇంట్లో మంగళవారం అబ్బాయి, శనివారం ఇంట్లో శనివారం అబ్బాయి. ఆయన దానికే నవ్వేవాడు.

"ఏడిళ్ళల్లో ఏడు పేర్లు పాపా నాకు. యముడొచ్చి అడిగినా యా పేరు చెప్పాలో తెలీదు" అనేవాడు. శనివారం ఇంటివాళ్ళు స్వామికి ఒంటిపొద్దు ఉండేవారు. "ఆ పొద్దు నాకు భక్తి జాస్తి. ఎందుకంటే వాళ్ళింట్లో పొయ్యి ఒక పూటే వెలిగేది" అని కళ్ళు చికిలించేవాడు.

మా ఇంట్లో ఆడపిల్లలను బడికి పంపే అలవాటు లేదు. నేను బడి గడప తొక్కకుండానే పెరిగాను. అయినా ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆ అన్న పెట్టిన భిక్ష. ఆయన మా ఇంటికి వచ్చిన మొదటి వారమే అన్నం తిని లేస్తూ తల వంచుకుని నిలబడ్డాడట. మా అవ్వ అది గమనించింది. "నాయనా, మా పాప అక్షరం ముక్క లేకుండా పెరుగుతా ఉండాది. అన్నం తిన్నాక ఒక గడియ కూర్చోబెట్టుకుని పలక మీద దిద్దిస్తే నీకు పుణ్యముంటుంది" అని అడిగింది. అప్పటి నుంచి ఆయన తల ఎత్తుకుని మా ఇంట్లోకి వచ్చేవాడు. పుణ్యం ఎవరికి దక్కిందో నాకు తెలుసు.

ఆ సంవత్సరం చలి మామూలుది కాదు. కార్తీకంలో మొదలైన వాన వదలలేదు. కొండ మీద నుంచి మబ్బు దిగి వచ్చి వీధుల్లోనే కూర్చుంది. రోజుల తరబడి కొండ కనిపించకపోతే, స్వామి మన వైపు చూడడం లేదేమోనని పెద్దవాళ్ళు దిగులుపడేవారు. గోడలు చెమ్మగిల్లాయి. ఉప్పు కుండలో ఉప్పు నీరైంది. దండెం మీద వేసిన బట్ట మూడో రోజుకు కూడా ఆరక ముక్కిన వాసన వేసేది. పైగా రెండో ప్రపంచ యుద్ధం రోజులు. గుడ్డలకు కంట్రోలు. అంగళ్ళ ముందు తెల్లవారక ముందే నిలబడినా పంచె దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఉన్నవాళ్ళే పాత చీరలు రెండుగా చింపి అంచులు కలిపి కుట్టుకునేవారు.

ఆ ముసురులో గురువారం అన్న తడిబట్టతో వచ్చేవాడు. నూతి దగ్గర తలారా స్నానం చేసి, తడిపిన పంచె పిండి అలాగే కట్టుకుని, పళ్ళు టకటకమంటుండగా మా గడప లోపల అడుగు పెట్టేవాడు. గడప నుంచి విస్తరి దాకా నేల మీద నీటి చారిక పడేది. వారం తినడానికి వచ్చేవాళ్ళు మడితో రావాలన్నది అన్ని ఇళ్ళలోనూ ఉన్న నియమమే. ఆరేసిన బట్ట ఎవరూ తాకకుండా తెచ్చుకుని కట్టుకున్నా మడే. కానీ తడిబట్ట అంటే ఇంకా పెద్ద మడి. మా అమ్మ ఆయనను చూసి చేతులు జోడించినంత పని చేసేది.

"చూడండి ఆ పిల్లోడి నిష్ఠ! ఇంత చలిలో తడిబట్ట విడవడంలేదు. మన పిల్లలూ ఉండారు, వేణ్ణీళ్ళు పెట్టినా స్నానానికి లేవరు" అనేది. మా నాయన గుడికి పోయినప్పుడు నలుగురికీ చెప్పేవాడు. నేను కూడా ఆయనను చూసి, చన్నీళ్ళు పోసుకుంటానని మారాం చేసి రెండు రోజులు దగ్గాను. మా అవ్వ మాత్రం, "తల తుడుచుకో నాయనా, విస్తరి పొయ్యి గోడ దగ్గరికి వేస్తాను, ఈ పక్కకు జరుగు" అనేది. "పరవాలేదు అవ్వా, అన్నం వేడికి అదే ఆరిపోతుంది" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం.

ఆ ఆదివారం మా అవ్వ మడిబట్టతోనే వీధిలోకి నడిచింది. ఆవిడ అలా బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. పక్కింటి అక్క తన గోనెసంచిని అవ్వ తల మీద కప్పబోయి, మైలపడుతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంది. అవ్వే ఆ సంచి అందుకుని కప్పుకుంది. నేను, పక్కింటి అక్క వెనకాలే వెళ్ళాం.

సత్రం వసారాలో, జల్లు కొట్టే వైపు, ఈతచాప మీద ఆయన ముడుచుకుని ఉన్నాడు. ఒంటి మీద పంచె అప్పటికీ తడిగానే ఉంది. మా కంటే ముందే ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఉన్నారు. ఒకరు మంగళవారం ఇంటావిడ, ఇంకొకరు శనివారం ఇంటి పెద్దావిడ. ముగ్గురూ ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళే, అయినా ఈ పిల్లవాడి గురించి ఏనాడూ మాట్లాడుకున్నవాళ్ళు కాదు.

"మొన్న మంగళవారం మా ఇంటికి తడిపంచెతోనే వచ్చినాడమ్మా. ఆ పొద్దు ఏదో ప్రత్యేకం, అనుష్ఠానం కాబోలు అనుకుంటిమి" అంది మంగళవారం ఇంటావిడ.

"నిన్న మా ఇంటికీ అట్లానే వచ్చినాడు" అంది శనివారం పెద్దావిడ. "స్వామివారం కదా, నియమం పట్టినాడేమో అనుకున్నా. మా కోడలు కాళ్ళకు దండం కూడా పెట్టింది."

మా అవ్వ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత వంగి, చాప తలాపున ఉన్న మూట విప్పింది. రెండు పుస్తకాలు, ఒక చెంబు, మొలకు చుట్టుకోవడానికి కూడా చాలనంతగా చిరిగిపోయిన పాత పంచె ఒకటి. అంతే. ఇంకో బట్ట లేదు. రోజూ ఒకటే పంచె తడిపి అదే కట్టుకుంటున్నాడు. ఆరబెట్టుకోవడానికి ఎండ లేదు, ఆరేదాకా కట్టుకోవడానికి రెండోది లేదు. రాత్రి కట్టుకుని పడుకున్న బట్టతో పోతే మడి కాదంటారని, ప్రతి ఉదయం దాన్నే మళ్ళీ నీళ్ళలో ముంచుకున్నాడు. ఏడిళ్ళవాళ్ళమూ ఏడు రోజుల్లో ఒక్కొక్క రోజు చూశాం. ఒక్కొక్క రోజు చూసి దండం పెట్టుకున్నాం.

అవ్వ ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది. "జట్కా పిలువు" అంది పక్కింటి అక్కతో.

జట్కా మా ఇంటి ముందు ఆగితే మా అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. మా అమ్మ చెడ్డది కాదు. నాకు చిన్న తమ్ముడున్నాడు, అప్పుడే పాకుతున్నాడు. "అత్తయ్యా, పిల్లలుండే ఇల్లు. యా జ్వరమో ఏమో. పంచలో పడక వేద్దాం. మీరు అంటుకున్నారు కూడా, వంట సగంలో ఉండాది" అంది.

"మడి నీళ్ళు పోసుకుంటే మళ్ళా వస్తాదే. వాడు పోతే వస్తాడా?" అంది మా అవ్వ. అని, ఆయనను వంటింటి గోడకు అవతల, పొయ్యి వేడి తగిలే నడవలో, మా తాతయ్య కంబళి పరిచి పడుకోబెట్టించింది. తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మ వెనక గదిలోకి పోయింది. ఆ సాయంత్రానికి తనే వచ్చి ఉప్పు మూట కాచి కాపడం పెట్టింది.

వైద్యుడు వచ్చి నాడి చూసి, వీపు మీద చెవి పెట్టి విని, లోపల నెమ్ము చేరిందన్నాడు. కషాయం ఇచ్చాడు. గంజి తాగించమన్నాడు, గంజి దిగితే ఆశ అన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు.

అన్న కళ్ళు తెరిచి చుట్టూ చూసి, ఎక్కడున్నాడో గుర్తుపట్టి, లేచి కూర్చోబోయాడు. "ఈ పొద్దు ఆదివారం కదా అవ్వా. నేను ఆదివారం ఇంటికి పోవాల. ఒక పూట తప్పినానంటే ఆ వారం వేరేవాళ్ళకిస్తారు. ఇది మీ వారం కాదు" అన్నాడు. గంజి గిన్నె పక్కకు నెట్టాడు. తనది కాని రోజున ఇంకొకరి ఇంట్లో తినడం ఆయనకు దొంగతనం లాంటిది. అంత జ్వరంలోనూ ఆ లెక్క మాత్రం చెదరలేదు.

నేను పుట్టినప్పటి నుంచి మా అవ్వ అబద్ధం ఆడగా నేను వినలేదు. ఎవరైనా అప్పడిగితే లేదని చెప్పడానికి కూడా, ఇంట్లో నిజంగా లేకుండా పోయిందో లేదో చూసి వచ్చి చెప్పేది. అలాంటి మనిషి గిన్నె చేతిలో పట్టుకుని, రెప్ప వేయకుండా అంది:

"ఆదివారం యాడిది నాయనా? జ్వరంలో నీకు పొద్దులు తెలీలేదు. ఈ పొద్దు గురువారం. మా వారమే. తాగు."

ఆయన నా వైపు చూశాడు. అవ్వ కూడా నా వైపు చూసింది. నేను, "అవునన్నా, గురువారమే. పలక కూడా తెచ్చుకున్నా" అన్నాను. ఆయన గిన్నె అందుకున్నాడు.

మర్నాడూ అదే. "ఈ పొద్దు?" "గురువారం నాయనా." ఆ మర్నాడూ అదే. కళ్ళు తెరిచినప్పుడల్లా ఆయన అడగడం, అవ్వ చెప్పడం. ఇంట్లో అందరికీ అవ్వ ముందే చెప్పి ఉంచింది. మా నాయన, తిథి తప్పితే ఒప్పుకోని మనిషి, ఆ నడవలో నుంచి పోతూ వినీ విననట్టు తల వంచుకుని వెళ్ళేవాడు. పక్కింటి అక్క ఒకసారి గుమ్మంలో నుంచి "ఎల్లుండి శుక్రవారం కదా, తలంటుకు..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి పోయింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది.

నడుమ నిజమైన గురువారం ఒకటి వచ్చింది. ఆ రోజు మా అవ్వ ముఖం వేరుగా ఉంది. ఆయన అడగకముందే, గంజి గిన్నెతో దగ్గర కూర్చుని, గట్టిగా అంది: "స్వామి మీద ఒట్టు నాయనా, ఈ పొద్దు గురువారం."

అన్న ఆవిడ ముఖం వైపు చూశాడు. పెదవులు ఎండి చిట్లిపోయి ఉన్నా నవ్వాడు. గంజి తాగాడు. అవ్వ లోపలికి వెళ్ళాక నన్ను సైగ చేసి దగ్గరికి పిలిచాడు. మాట గుసగుసగా వచ్చేది, రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు.

"మీ అవ్వ మిగతా పొద్దులు ఒట్టు పెట్టలేదు పాపా."

నేను పలక గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"తెల్లారి వీధిలో తిరుప్పావై పాడే గోష్ఠి పోతా ఉంటుంది కదా. ధనుర్మాసంలో పొద్దుకొక పాశురం చదువుతారు. నిన్న చదివింది ఈ పొద్దు చదవరు. పడుకుని వింటానే ఉండాను. మొదటి పొద్దు నుంచీ తెలుసు." కొంచెం ఆగి, "అవ్వకు చెప్పొద్దు. నాకు తెలుసని తెలిస్తే ఇంకో పొద్దు ఆమె ఆ మాట అనలేదు. నా కోసరం ఆమె అంటా ఉంటే, ఆమె కోసరం నేను నమ్మలేనా? చెప్పవు కదా?" అన్నాడు.

చెప్పనన్నాను. చెప్పలేదు. అవ్వ పోయేదాకా చెప్పలేదు. ఆవిడకు తెలుసో లేదో నాకు తెలియదు.

ఆ రోజు ఆయన నన్ను పలక మీద నా పేరు రాయమన్నాడు. రాసి చూపించాను. ఒక కొమ్ము తప్పు పెట్టానని వేలితో చూపించాడు. దిద్దుకున్నాను. మా గురువుగారు చెప్పిన చివరి పాఠం అదే.

శనివారం తెల్లవారి ముసురు కాస్త తెరిపి ఇచ్చింది. వీధిలో గోష్ఠి సాగిపోయింది. ఆ రోజు కూడా గంజి తెచ్చి అవ్వ దగ్గర కూర్చుంది. ఆయన ఊపిరి అప్పటికే పైపైన ఆడుతోంది.

"ఈ పొద్దు కూడా గురువారమేనా అవ్వా?"

"గురువారమే నాయనా."

"అయితే నేను యాడికీ పోవాల్సిన పని లేదు" అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు. గంజి చల్లారిపోయింది. పొద్దు బారెడు ఎక్కక ముందే ఆయన వెళ్ళిపోయాడు.

ఊరికి కబురు ముందే పంపించాం కానీ, వాళ్ళ నాయన రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి, ఏడిళ్ళ మగవాళ్ళు వచ్చి మోశారు. ఆ ఏడుగురూ ఒకచోట కలవడం అదే మొదటిసారని మా నాయన తర్వాత చాలాసార్లు అన్నాడు.

ఆదివారం పొద్దెక్కాక వాళ్ళ నాయన వచ్చాడు. ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. వడమాలపేట దగ్గర బస్సు మొండికేస్తే అక్కడి నుంచి నడిచి వచ్చాడట. మోకాళ్ళ దాకా బురద. అచ్చం అన్న చెవులే. చంకలో గుడ్డ మూట. మా అరుగు మీద నిలబడి, "మా అబ్బాయికి ఈడ అన్నం పెడతారంట..." అన్నాడు. మా నాయన ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన ఏడవలేదు. కాళ్ళకంటిన బురద చేత్తో గీకుతూ కూర్చున్నాడు. తర్వాత, ఏటేటా తద్దినం పెట్టుకోవాలి కాబట్టి, మా అవ్వను అడిగాడు.

"ఏ పొద్దు పోయినాడమ్మా?"

మా అవ్వ నోరు తెరిచింది. ఆవిడ గురువారం అంటుందేమోనని భయపడ్డాను. వారమంతా ఆ ఒక్క మాటే పలికిన నోరు కదా.

"శనివారం నాయనా" అంది. తిథీ చెప్పింది. చెప్పి, ఆ ఎనిమిది రోజుల్లో మొదటిసారి, గోడకు చేరబడి పెద్దగా ఏడ్చింది.

ఆయన మూట విప్పాడు. లోపల కొత్త పంచె. మడత కూడా విప్పనిది. కంట్రోలు అంగడి ముందు ఎన్నాళ్ళు నిలబడి సంపాదించాడో. "పంచె చినిగిందని పండక్కు వచ్చినప్పుడు వాళ్ళమ్మతో అన్నాడంట. దొరికింది, తెచ్చినాను" అని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు. పోయేటప్పుడు అవ్వ చేతికిచ్చాడు. "ఈడ చదువుకొనే పిల్లోడు ఎవురైనా ఉంటే కట్టుకోమనమ్మా."

ఆ తర్వాత మా అవ్వ ఒక పని చేసింది. నడవలో పొయ్యి గోడ పక్కన ఒక దండెం కట్టించింది. దాని మీద ఆ పంచె ఆరవేసింది. మళ్ళీ మా ఇంటికి గురువారానికి ఇంకో పిల్లవాడు కుదిరినప్పుడు, వాడు గడప తొక్కగానే అవ్వ కఠినంగా ముఖం పెట్టి, "చూడు నాయనా, మా ఇంట్లో బయటి మడి పనికిరాదు. మా ఆచారం వేరు. ఆ పంచె కట్టుకుని వస్తేనే విస్తరి వేస్తాను. నీ బట్ట ఈ దండెం మీద వెయ్యి" అంది. ఆ పిల్లవాడు, ఈవిడ ఎంత చాదస్తమో అనుకుని ఉంటాడు. వెచ్చగా తిని, ఆరిన తన బట్ట కట్టుకుని వెళ్ళాడు. అవ్వ ఉన్నంతకాలం ఎంతమంది వచ్చినా అదే ఆచారం. మంగళవారం ఇంట్లో, శనివారం ఇంట్లో కూడా అలాంటి దండేలు వెలిశాయి. తిరుపతిలో మా వీధుల వాళ్ళకు మడి జాస్తి అని పేరు కూడా వచ్చింది. అవ్వ విని ఊరుకునేది.

నాకిప్పుడు చూపు తగ్గింది. రాస్తుంటే కొమ్ములు దీర్ఘాలు కలిసిపోతున్నాయి. అయినా మా వంటింటి పక్కన దండెం ఉంది, దాని మీద ఆరిన బట్ట ఒకటి ఎప్పుడూ ఉంటుంది. చలికాలంలో ఎవరు వచ్చినా, పలకరింపుగా భుజం మీద చెయ్యి వేస్తాను. బట్ట తడిగా ఉందేమో చూసుకోవడానికే అది. మా మనవరాళ్ళు దాన్ని నా ముద్దు అనుకుంటారు. ఎవరిలోనైనా గొప్ప నిష్ఠ కనిపిస్తే దండం పెట్టే ముందు కొంచెం దగ్గరికి వెళ్ళి చూస్తాను. స్వామి నాకిచ్చిన అన్నిటికంటే ఎక్కువగా, ఆ అన్న చేతి చలువతో వచ్చిన ఈ అక్షరాలకే రోజూ స్వామికి నమస్కరించుకుంటాను.

ఇది చదివినవాళ్ళను ఒకటే అడుగుతున్నాను. ఆయన పేరు నేను రాయలేదు. మీ ఇంట్లో పొడిబట్టతో వేడి అన్నం ముందు కూర్చున్నప్పుడు, గురువారం అన్నను ఒక్కసారి తలుచుకోండి. ఏ రోజైనా సరే.